కూలి ఎలా కూలీ అయింది

చైనాలో ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళ మధ్య ఒక జాబితా తిరుగుతూ ఉంటుంది. చైనీస్ నుంచి ఇంగ్లీష్‌లోకి వెళ్ళిన మాటలని దాని పేరు. కుంగ్‌ఫూ, తోఫు, జిన్‌సెంగ్, కౌటౌ, టీ... చెప్పుకోవడానికి సంబరంగా ఉండే మాటలు. వాటి మధ్యలో చాలాసార్లు 'కూలీ' కూడా కనబడుతుంది. దానికిచ్చే వివరణ ఎక్కడ చూసినా ఒకటే: చైనీస్‌లో 'ఖూ' అంటే చేదు, 'లీ' అంటే బలం. చేదు బతుకు బతుకుతూ ఒంట్లో బలం అమ్ముకునేవాడు ఖూలీ. తెల్లవాళ్ళు ఆ మాట విని కూలీ అన్నారు.

మనలో ఎవరికైనా ఇది వినగానే నవ్వొస్తుంది. కలుపు తీయడానికి కూలికి పోయిన ప్రతి మనిషి నోటా ఉన్న మాట కదా ఇది. కానీ నవ్వేసి ఊరుకునే విషయం కాదని నాకనిపిస్తుంది. ఈ మాట పుట్టుక తప్పుగా చెబితే అందులోంచి డబ్బు లెక్క మాయమైపోతుంది. అసలు కథంతా ఆ డబ్బు లెక్కలోనే ఉంది.

నేనుండేది సింగపూర్‌లో. చైనా నుంచి ఇక్కడికి పనికి వచ్చినవాళ్ళకి సెలవు రోజుల్లో ఇంగ్లీష్ చెబుతుంటాను. వాళ్ళలో షియామెన్ ఊరావిడ ఒకరున్నారు. ఒకసారి పాఠంలో ఈ మాట వస్తే, "ఇది మా మాట టీచర్, దీనికి మీరు అర్థం చెప్పక్కర్లేదు" అన్నారు. మాది కూడా అన్నాను. ఆవిడ నమ్మలేదు. మర్యాద కోసం తలూపారంతే. ఆవిడ స్కూల్లో చదువుకున్న రోజుల నుంచీ చేదు, బలం అనే ఆ రెండు అక్షరాలు కళ్ళెదుట కనిపిస్తుంటే ఎక్కడో గోదావరి పక్కన పుట్టిన మాట అంటే ఎందుకు నమ్మాలి?

నిజానికి ఆ రెండక్షరాలు ఎంచినవాళ్ళకి దండం పెట్టాలి. చైనీస్ లిపిలో పరాయి మాట రాయాలంటే మనలా శబ్దం రాసేసి ఊరుకోవడం కుదరదు. శబ్దానికి దగ్గరగా ఉన్న అక్షరాలు వెతుక్కోవాలి, ప్రతి అక్షరానికీ సొంత అర్థం ఉంటుంది. సాధారణంగా ఆ అర్థాల్ని పట్టించుకోరు. ఎప్పుడో ఒకసారి శబ్దమూ అర్థమూ రెండూ కలిసొస్తాయి. కోకాకోలా పేరు అలాంటిదే. చైనాలో దాన్ని 'ఖకౌ ఖల' అంటారు, నోటికి రుచి, మనసుకి ఆనందం అని అర్థం వచ్చేలా. కూలీ విషయంలో ఇంకా బాగా కుదిరింది. ఎందుకంటే కష్టాలు ఓర్చుకోవడాన్ని చైనీస్‌లో ఇప్పటికీ 'చేదు తినడం' అనే అంటారు. పిల్లలకి తల్లిదండ్రులు చెప్పే మాట అది, చేదు తినడం నేర్చుకో అని. అద్దెకి దిగినవాళ్ళు గుమ్మం మీద తమ ఇంటిపేరు చెక్కించుకున్నట్టు, ఆ అక్షరాలు పడ్డాక ఇల్లు ఎవరిదని ఎవరూ అడగలేదు.

అయినా తేదీలు ఒప్పుకోవు. ఈ మాట 17వ శతాబ్దం మధ్యకే ఇంగ్లీష్‌లో ఉంది, అదీ హిందూదేశం గురించి రాసిన రాతల్లో. చైనా కూలీలు వేలూ లక్షలుగా ఓడలెక్కింది 1842లో బ్రిటన్‌కీ చైనాకీ మధ్య నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలయ్యాక, రేవులు తెల్లవాళ్ళకి తెరుచుకున్నాక. అంటే ఆ మాట ఓడల్లో చైనా చేరేసరికి దానికి రెండు వందల ఏళ్ళ ఇంగ్లీష్ వయసుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీని మూలం దగ్గర హిందీ, తెలుగు అని రెండు భాషల పేర్లూ రాస్తుంది.

మిగతా వాదనలూ ఉన్నాయి, దాచిపెట్టడం న్యాయం కాదు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు 1886లో అచ్చేసిన ఆంగ్లో ఇండియన్ మాటల కోశం, హాబ్సన్ జాబ్సన్, ఈ మాటకి చాలా చోటిచ్చింది. గుజరాత్ తీరంలో ఉండే కోలీ జనం పేరు నుంచి పోర్చుగీసువాళ్ళ ద్వారా వచ్చి ఉండొచ్చని ఒక దారి. దక్షిణాదిలో డబ్బుని చెప్పే 'కూలి' నుంచి వచ్చిందని ఇంకో దారి. రెండూ ఎక్కడో కలిసిపోయి ఉండొచ్చు కూడా. మూడోది టర్కీ భాషలో బానిసని చెప్పే 'కుల్'. హైదరాబాద్‌వాళ్ళకి ఇది తమాషాగా ఉండాలి, ఎందుకంటే 1591లో ఆ నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరులో ఉన్న కులీ అదే. అక్కడ దేవుడికీ పెద్దలకీ దాసుడనే అర్థంలో గొప్పగా పెట్టుకునే పేరది. మాట ఒకటే అనిపిస్తుంది గానీ చార్మినార్ కట్టించిన కులీ వేరు, దానికి రాళ్ళు మోసిన కూలీలు వేరు.

నాకు దక్షిణాది దారి మీదే గురి. కారణం అభిమానం కాదు, అర్థం.

మన దగ్గర కూలి అంటే ముందు మనిషి కాదు, డబ్బు. "ఇవాళ కూలి ఎంతిచ్చారు?" "నాట్లకి కూలి పెంచారు." "మగవాళ్ళకో కూలి, ఆడవాళ్ళకో కూలి ఏంటి?" "కూలి గిట్టక మానేశాం." ఇలా అంటాం. తమిళం, కన్నడం, మలయాళాల్లోనూ ఇంతే. మనిషిని చెప్పాలంటే దానికి ఇంకో ముక్క తగిలించాలి: కూలివాడు, కూలిమనిషి, కూలోళ్ళు. కూలికి వచ్చి పాలికి మాట్లాడినట్టు అని సామెత కూడా ఉంది. కూలి అంటే రోజుకింతని ఇచ్చేది, పాలు అంటే పంటలో వాటా. రెండిటి మధ్య గీత ఎక్కడుందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ గీత దాటబోయినవాడిని వెక్కిరించడానికి ఆసామి పక్షం కట్టిన సామెత అది. చివర దీర్ఘం తీసిన 'కూలీ' మాత్రం మనిషే. అది హిందూస్తానీ మీదుగానో, ఇంగ్లీష్ మీదుగానో చుట్టూ తిరిగి మళ్ళీ మన దగ్గరికే వచ్చిందని నా అనుమానం. ఇప్పుడు పేపర్లలో వ్యవసాయ కూలీలు, ఉపాధి హామీ కూలీలు అని రోజూ రాస్తారు, ఎవరికీ తప్పనిపించదు.

అంటే ఇంగ్లీష్‌లోకి వెళ్ళేటప్పుడు ఈ మాటకి జరిగింది ఇదీ: పనికిచ్చే డబ్బు పేరు, పనిచేసే మనిషి పేరైంది. ఎలా జరిగిందో ఊహించడం కష్టమేం కాదు. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొఠీ పెట్టింది 1611లో. సరుకు దించి, మోసి, గోదాముల్లో పెట్టే జనం ప్రతి సాయంత్రం కూలి, కూలి అని అడుగుతుంటే, వీళ్ళ పేరే అదేమో అనుకున్న గుమాస్తా ఒకడు ఉండే ఉంటాడు. ఇది నా ఊహే. కానీ ఫలితం మాత్రం ఊహ కాదు. తెలుగులో కూలి అన్నాక 'ఎంత?' అనే ప్రశ్న దాని వెంటే వస్తుంది. ఇంగ్లీష్‌లో కూలీ అన్నాక ఆ ప్రశ్న రాదు. ఎన్ని తలకాయలు, ఏ ఓడలో, ఏ తోటకి అనే ప్రశ్నలే వస్తాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో జరిగింది సరిగ్గా అదే. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. చెరుకుతోటల యజమానులకి మనుషులు కావలసి వచ్చారు. ఆ ఏడాదే కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ మొదటి జట్టుని మారిషస్ తీసుకెళ్ళింది. కాస్త వెనకగా మద్రాసు, కోరంగి, విశాఖపట్నం రేవులూ ఈ వ్యాపారంలోకి దిగాయి. మన తీరం నుంచి మారిషస్‌కి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, ఫిజీకి, మలయాలో పెరాక్ వైపు తోటలకి వెళ్ళారు. బర్మాకైతే లెక్కే లేదు. అక్కడ తెలుగువాళ్ళందరికీ ఓడ ఎక్కిన రేవు పేరుతో 'కోరంగీ' అని పేరు పడింది. ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళ నోట రంగూన్ 'రంగం' అయిపోయింది. తోటలకి వెళ్ళేవాళ్ళ చేత సంతకమో వేలిముద్రో వేయించుకున్న కాగితం అగ్రిమెంటు. అది జనం నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది.

ఇదే సమయంలో దక్షిణ చైనా రేవుల్లో ఇంకో ధార మొదలైంది. షియామెన్, దాన్ని ఇంగ్లీష్‌వాళ్ళు అమోయ్ అనేవారు, ఆ రేవు నుంచి 1847లో రెండు వందల మంది చైనావాళ్ళతో ఒక ఓడ హవానా చేరింది. అక్కడి నుంచి 1874 దాకా క్యూబాకి లక్షా పాతిక వేల మంది దాకా వెళ్ళారు. పెరూకి ఇంచుమించు లక్షమంది. పెరూకి వెళ్ళినవాళ్ళలో కొందరి పని, చించా దీవుల్లో ఎరువు కోసం పక్షుల రెట్ట తవ్వడం.

క్యూబా ఒప్పందం కాగితం ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో నన్ను వదలనిది అదే. కాలం 8 ఏళ్ళు. కూలి నెలకి 4 పెసోలు. కాగితం మీద ఇది స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం. 8 ఏళ్ళయ్యాక వెళ్ళిపోవచ్చు అనుకుంటే, 1860 తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం మళ్ళీ ఒప్పందానికి ఒప్పుకోవాలి, లేదా సొంత ఖర్చుతో దీవి వదిలిపోవాలి. నెలకి 4 పెసోలతో ఓడ టికెట్ ఎవరు కొనగలరు? అసలు ఆ కాగితం మీద ఏం రాసి ఉందో చాలామందికి తెలియదు. ఎత్తుకుపోయి ఎక్కించినవాళ్ళున్నారు, జూదంలో అప్పు చేయించి ఎక్కించినవాళ్ళున్నారు, పక్క ఊరికి పని అని చెప్పి ఎక్కించినవాళ్ళున్నారు. 1852లో అమోయ్‌లో ఇలా మనుషుల్ని పట్టే దళారుల మీద జనం తిరగబడ్డారు. అదే ఏడాది అమోయ్ నుంచి బయల్దేరిన రాబర్ట్ బౌన్ అనే అమెరికా ఓడలో కూలీలు తిరుగుబాటు చేసి కెప్టెన్‌ని చంపారు.

1874లో చైనా ప్రభుత్వం ఛెన్ లాన్‌బిన్ అనే అధికారిని క్యూబా పంపింది. ఆయన బృందం తోటలు, జైళ్ళు, రేవు కొట్లు తిరిగి 1,176 మంది వాంగ్మూలాలు రాసుకుంది. ఇవి కాక 85 అర్జీలు, వాటి కింద 1,665 మంది సంతకాలు. ఎవరు కొట్టారు, ఎన్ని గంటలు పని చేయించారు, ఎవరు ఉరేసుకున్నారు, నెలకిస్తామన్న 4 పెసోల్లో చేతికి వచ్చింది ఎంత. ఒక సామ్రాజ్యం తన కూలీల దగ్గరికి వెళ్ళి నీకు ఏం జరిగిందని అడిగి, వాళ్ళ మాటల్ని కాగితం మీద పెట్టడం ఆ రోజుల్లో చాలా అరుదు. మన దగ్గర నుంచి వెళ్ళినవాళ్ళ గురించి కమిషన్లు వేశారు గానీ వేసింది తోటలు ఎవరివో ఆ ప్రభుత్వమే. ఛెన్ బృందం నివేదిక దెబ్బకి క్యూబా కూలీ వ్యాపారం ఇక లేవలేదు. మకావు రేవు నుంచి పంపడాన్ని పోర్చుగల్ అప్పటికే ఆపేసింది.

ఇంతకీ ఆ మనుషుల్ని సొంత ఊళ్ళో ఖూలీ అనేవారా? దక్షిణ చైనాలో జనం వాడిన మాట వేరు: పందిపిల్లలు. ఎవరైనా అలా ఓడెక్కితే 'పందిపిల్లగా అమ్ముడుపోయాడు' అనేవారు. మనుషుల్ని ఓడ వచ్చేదాకా మూసిపెట్టిన కొట్లు పందిపిల్లల కొట్లు. ఇందులో కవిత్వం లేదు, చేదూ బలమూ లేవు. అమ్మకం ఉంది. అందుకే నాకు అనిపిస్తుంది, 'చేదు బలం' అనే వివరణ వినడానికి గంభీరంగా ఉన్నా, జరిగినదాన్ని కాస్త మెత్తబరుస్తుందని. చేదు అన్నాక అది విధి, బలం అన్నాక అది సొంత గుణం. కొన్నదెవరు, అమ్మిందెవరు, ఎంతకి అనేవి ఆ రెండక్షరాల్లో ఎక్కడా లేవు.

మా షియామెన్ ఆవిడకి నేను ఈ సంగతి చెప్పినప్పుడు పందిపిల్లల మాట ఆవిడకి వెంటనే తెలిసింది. ఇంకో సంగతి ఆవిడే చెప్పారు. ఆవిడ వైపు ఊళ్ళలో పాత పెట్టెల్లో ఇప్పటికీ దొరికే ఉత్తరాలని 'ఛియావ్‌పీ' అంటారు. ఇక్కడ సింగపూర్‌లో, మలయాలో, మనీలాలో ఉన్నవాళ్ళు ఇంటికి రాసినవి. విశేషం ఏమిటంటే ఉత్తరమూ డబ్బూ కలిపే వెళ్ళేవి, కవరు మీదే ఎంత పంపుతున్నదీ రాసి ఉండేది. 2013లో వీటిని యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చూశారా, కూలి మళ్ళీ కవరు మీదికొచ్చింది.

సింగపూర్‌లో చైనాటౌన్ మధ్యలో పగోడా స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. ఇప్పుడు టూరిస్టుల కోసం టీషర్టులూ బొమ్మలూ అమ్ముతారు. అక్కడ పగోడా అంటే బౌద్ధుల గుడి కాదు, ఆ వీధి మొదట్లో ఉన్న మారియమ్మన్ గుడి గోపురం. 1827లో పెట్టిన గుడి అది. దక్షిణాది గోపురం పేరున్న ఆ వీధిలో ఒకప్పుడు చైనా కూలీల బస ఇళ్ళు కిక్కిరిసి ఉండేవి. మాట ఎవరిదని మేం క్లాసులో వాదించుకుంటున్నాం గానీ, మాటా మనుషులూ ఒకే సందులో ఎదురుపడిన చోటు అది.

అమెరికాలో మాట ఇంకో మలుపు తిరిగింది. సియెర్రా నెవాడా కొండలు తొలిచి సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గం వేసిన చైనావాళ్ళు క్యూబా తరహా ఒప్పందం మనుషులు కారు. నెల జీతానికి పనిచేసినవాళ్ళు. 1867 జూన్‌లో వేలమంది పనిముట్లు కింద పెట్టి సమ్మె చేశారు. నెలకి 40 డాలర్లు కావాలి, సొరంగాల్లో పనిగంటలు తగ్గాలి అని. కంపెనీ పెద్దల్లో ఒకడైన చార్లెస్ క్రోకర్ వాళ్ళకి తిండి సరుకులు ఆపించాడు, వారం తిరిగేసరికి సమ్మె విరిగింది. కూలి కోసం ఇంత స్పష్టంగా లెక్క చెప్పి పోరాడిన మనుషుల్ని పేపర్లు, రాజకీయ నాయకులు కూలీలు అనే అన్నారు. అర్థం: వీళ్ళు జీతం అడగని బానిస జాతి, వీళ్ళుంటే తెల్లవాడి జీతం పడిపోతుంది. కాలిఫోర్నియా 1862లోనే 'కూలీ వ్యతిరేక చట్టం' పేరుతో చైనా కార్మికుల మీద నెలకి రెండున్నర డాలర్ల పన్ను వేసింది. దాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 1882 నాటికి ఏకంగా చైనా కార్మికులు దేశంలోకి రాకుండానే చట్టం వచ్చింది. ఈ మొత్తం రాజకీయంలో కూలీ అనే మాట చేసిన పని ఒకటే: ఎదుటివాడు జీతం కోసం పనిచేసే మామూలు మనిషి అన్న సంగతిని చెరిపేయడం.

దక్షిణాఫ్రికాలో అదే పని మనవాళ్ళ మీద జరిగింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికొక షిల్లింగు పెంపు. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి అక్కడ ఇండియన్ అంటే కూలీ. వ్యాపారస్తుడు కూలీ వర్తకుడు. 1893లో వచ్చిన గాంధీ కూలీ బారిస్టర్. ఈ మాట ఆయనే రాసుకున్నాడు. ఒప్పందం అయిపోయినా వెనక్కి వెళ్ళనివాళ్ళ మీద ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు, 1913 సమ్మెకి పెద్ద కారణం అదే. కాలిఫోర్నియాలోనూ పన్నే, నేటాల్‌లోనూ పన్నే. మనిషిని కూలీ అన్నాక అతని కూలిలోంచి తీసుకోవడం ఎక్కడైనా తేలికే కాబోలు.

ఇక్కడ కూలీ ఒక్కటే తిరగలేదు. మంత్రి కూడా వెళ్ళాడు. చైనీస్ భాషని ఇంగ్లీష్‌లో మాండరిన్ అంటారు కదా, దాని గురించి చైనా నెట్‌లో ఇంకా గట్టిగా నాటుకున్న కథ ఒకటుంది. 'మాన్ దారెన్' అంటే మంచూ దొర (మంచూలంటే ఉత్తరం నుంచి వచ్చి చైనాని ఏలినవాళ్ళు), తెల్లవాళ్ళు అది విని మాండరిన్ అన్నారని. దీన్ని పట్టుకుని ఇప్పటి చైనీస్ భాష మంచూలు పాడుచేసిన భాష అనే దాకా వాదనలు వెళ్ళాయి. ఇది కూలీ కథ కంటే బలహీనమైన కథ. మంచూలు తమకి మంచూ అనే పేరు పెట్టుకున్నదే 1635లో, బీజింగ్‌లో గద్దెనెక్కింది 1644లో. మాండరిన్ అనే మాట అంతకు ముందు శతాబ్దంలోనే పోర్చుగీసువాళ్ళ రాతల్లో ఉంది. వాళ్ళు మలక్కా పట్టుకున్నది 1511లో. అక్కడ మలయ్ భాషలో రాజు కొలువు పెద్దని 'మెంతెరి' అనేవారు, అది మన సంస్కృత మంత్రి. పోర్చుగీసులో ఆజ్ఞాపించడాన్ని 'మందార్' అంటారు, ఆ శబ్దం కూడా కలిసొచ్చి మందరిం అయింది. చైనా అధికారులకి ఆ పేరు పెట్టారు, అధికారులు మాట్లాడే భాషకి తర్వాత అదే పేరు. మంత్రి, కూలి, రెండూ మన వైపు నుంచే సముద్రం దాటాయి, రెంటినీ చైనా తన సొంత అక్షరాల్లో చదువుకుంది. మంత్రికి దొర దొరికాడు, కూలికి చేదు దొరికింది. పైవాడూ కిందివాడూ అక్కడ కూడా స్థానాలు మారలేదు.

ఇదంతా చదివి 'చూశారా, మన తెలుగు ప్రపంచానికి మాటలిచ్చింది' అని ఎవరైనా వాట్సాప్‌లో తిప్పుతారేమోనని నా భయం. ఇప్పటికే తిప్పుతున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో మన మాటలు అని రెండు ఎప్పుడూ ఉంటాయి: ఒకటి బాండికూట్, మన పందికొక్కు. రెండోది ఇది. ఇంగ్లీష్‌వాడు ఇక్కడ మూడొందల ఏళ్ళుండి మన దగ్గర నుంచి గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళింది గోదాములో తిరిగే కొక్కునీ, గోదాముకి బస్తాలు మోసే మనిషినీ అంటే, అందులో మురిసిపోయేదేముంది? చైనావాళ్ళ జాబితాలో కూలీ ఉండకూడదని నేననేది, దాన్ని మన జాబితాలో పెట్టుకుని దండ వేయడానికి కాదు.

మాటని మారిస్తే చాలనుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. మారిషస్‌లో వలస కూలీలు దిగిన రేవుమెట్ల పేరు కూలీ ఘాట్. 1987లో దాన్ని ఆప్రవాసీ ఘాట్ చేశారు, 2006లో యునెస్కో వారసత్వ స్థలం అయింది. అది బాగానే ఉంది, ఆ పేరు పెట్టింది వాళ్ళ మనవలు. మన రైల్వే మాత్రం 2016 బడ్జెట్‌లో స్టేషన్ కూలీల్ని ఇకనుంచి సహాయక్ అంటామని ప్రకటించింది. విజయవాడ స్టేషన్‌లో దిగి ఎవరినైనా సహాయక్ అని పిలిచి చూడండి. ఎర్రచొక్కా వేసుకున్న మనిషి దగ్గర బేరం మాట్లాడేటప్పుడు మనం అడిగేది ఇప్పటికీ ఒకటే, ఎంత అని. పేరు మార్చిన రోజున ఆ జవాబు మారలేదు.

ఈలోగా చైనాలో కుర్రాళ్ళు 2020లో తమకి తామే 'దా గోంగ్ రెన్' అని పేరు పెట్టుకుని జోకులేసుకోవడం మొదలెట్టారు. ఎవరి దగ్గరో పనిచేసేవాడు అని అర్థం. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు కూడా పొద్దున్నే 'గుడ్ మార్నింగ్ దా గోంగ్ రెన్' అని మెసేజ్ పెట్టుకునేవారు. ఆఫీసు పనిని 'ఇటుకలు మోయడం' అనడం అంతకు ముందు నుంచే ఉంది. మనవాళ్ళు సాఫ్ట్‌వేర్ కూలీలం అనుకోవడం లాంటిదే. ఈ జోకు నాకిష్టం. ఎందుకంటే ఇక్కడ మాట మళ్ళీ సొంతదారుడి నోట్లోకి వచ్చింది, వెనకే 'జీతం ఎంత పెరిగింది?' అనే ప్రశ్న కూడా వచ్చింది. వీసా కాగితం మీద ఇంకొకడి సంతకం ఉన్నంతకాలం తేలికగా ఉద్యోగం మారలేని మన కుర్రాళ్ళు అమెరికాలో ఎందరున్నారో మీకు తెలుసు. వాళ్ళ జీతాన్ని, ఇంటిని, కారుని క్యూబా చెరుకుతోటతో పోల్చడం ఆ చచ్చిపోయినవాళ్ళకి అన్యాయం. కానీ కూలీ అని నవ్వుకునేటప్పుడు వాళ్ళకి గుర్తొచ్చే పోలిక ఎక్కడుందో అర్థం చేసుకోవచ్చు.

మరి నా క్లాసులో ఏం చెప్పాలి? ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళకి చరిత్ర కంటే ముందు కావలసింది, వాడొచ్చా వాడకూడదా అని. వాడొద్దనే చెబుతాను. మీ భాషలో ఖూలీ పని అంటే ఒళ్ళొంచి చేసే పని, అందులో తిట్టు లేదు. మా భాషలోనూ తిట్టు కాదు, పేపర్లో రాసే మాట. కానీ ఇంగ్లీష్‌లో అలా కాదు. డర్బన్‌లోనో, ట్రినిడాడ్‌లోనో, గయానాలోనో ఒక భారతీయుడి ముందు ఆ మాట అంటే కొట్టినంత పని. అమెరికాలో మీ ముఖం చూసి ఎవరైనా అంటే, అన్నవాడు మీకు కూలి ఇవ్వడానికి రాలేదని అర్థం చేసుకోండి. వెదురుతో అల్లిన కోసు టోపీని ఇంగ్లీష్‌లో కూలీ హ్యాట్ అని పాత పుస్తకాల్లో రాశారు, మీరు మాత్రం కోనికల్ హ్యాట్ అనండి, అందరికీ అర్థమవుతుంది. బయోడేటాలో 'ఫ్యాక్టరీలో ఖూలీ పని చేశాను' అని రాయాలనుకుంటే మాన్యువల్ వర్కర్ అనో లేబరర్ అనో రాయండి. చరిత్ర పుస్తకం అనువదించేటప్పుడు, కూలీ వ్యాపారం గురించి రాసేటప్పుడు మాత్రం ఆ మాట తప్పదు, అక్కడ దాన్ని మెత్తబరచకూడదు కూడా.

షియామెన్ ఆవిడ దీనికి ఒక అభ్యంతరం పెట్టారు. వర్కర్ అంటే ఫ్యాక్టరీలో నెల జీతం మీద పనిచేసే మనిషే కళ్ళముందుకొస్తాడు, రేవులో బస్తాకింత అని మోసినవాడు రాడు, ఆ తేడా ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలి అని. ఆవిడ తాతగారు అలా మోసినవారట. పీస్ రేట్, డే లేబరర్, డాక్ పోర్టర్ అని బోర్డు మీద మూడూ రాశాను. ఆవిడ డే లేబరర్ దగ్గర ఆగి, అంటే రోజుకి ఎంత అని ముందే మాట్లాడుకుంటారా, లేక సాయంత్రం దొర ఇచ్చినంత తీసుకోవాలా అని అడిగారు. క్లాసులో మిగతావాళ్ళు ఎవరి ఊరి పద్ధతి వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు, ఆ రోజు అనుకున్న వ్యాకరణ పాఠం వచ్చే వారానికి వాయిదా పడింది.